కుండ అడుగున ఇరుగుపొరుగు

ఎండలు ముదిరాయని మా మనవడి భార్య మొన్న ఒక మట్టికుండ తెప్పించింది. కింద కుళాయి బిగించిన కుండ. దాని ధర విని నేను ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో కుండ ఎందుకని నా కోపం. మరుసటి పొద్దున మనవడు ఎలక్ట్రానిక్ సిటీకి, ఆమె హూడికి పనికి వెళ్ళిపోయాక, కొన్నది ఎట్లాగూ కొన్నారు, ఊరికే ఎందుకుండాలని చెంబుతో నీళ్ళు పోశాను. ఎండిన మట్టి నీళ్ళు పీల్చుకునే సన్నని చప్పుడు, దాని వెంటే వాసన. సర్జాపుర రోడ్డు పక్కన ఇన్ని అంతస్తుల పైన ఉంటే మట్టిని కిటికీలోంచి చూడడమే తప్ప తాకడం లేదు.  వంటింట్లోనే పీట వాల్చుకుని కూర్చున్నాను. రంగూన్ టీచరమ్మ గదిలో ఇదే వాసన ఉండేది.

ఆమె పేరు అలివేలమ్మ. ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. మాది బెంగళూరు పేటలో నేతగాళ్ళ వీధి. మేమందరం ఉండే మా పెదనాయన ఇల్లు వీధి కడాన ఉండేది. కింద మగ్గాలు, పైన మిద్దె, మిద్దె మీద ఒక మూల ఒంటి గది. యుద్ధం ముగిసే ముందు ఆ గదిలో అద్దెకు దిగింది టీచరమ్మ. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, వెంట ఎవరూ లేరు. మా వీధి మొదట్లో ఆడపిల్లల బడిలో చెప్పేది. నేను చదివింది మూడో తరగతి వరకే, అందులో చివరి ఏడు ఆమె దగ్గర. ఆమెది విశాఖపట్నం వైపు మాట. "ఏటమ్మా" అంటే మా అమ్మావాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. పిలిచి అన్నం పెట్టేవాళ్ళు కాదు, పొమ్మనేవాళ్ళూ కాదు. సాయంత్రం అందరిళ్ళలో దీపాలు పెట్టే వేళకు ఆమె వీధివైపు పిట్టగోడ మీద చేతులానించి నిలబడి వీధినంతా చూసేది. ఆ వీధిలో ఆమెను చూసేవాళ్ళు మాత్రం లేరు.

బడిలో ప్రపంచపటం ఒకటే ఉండేది, గోడకు వేలాడే గుడ్డపటం. గుండ్రటి భూగోళం కొనమని అడిగితే బడి పెద్దలు నవ్వారట. టీచరమ్మ కుమ్మరి దగ్గర ఒక గుండ్రటి కుండ కొనింది. మా ఇంట్లో నూలుకు అద్దే నీలిమందు అడిగి సముద్రాలు పూసింది, ఎర్రమట్టితో దేశాలు గీసింది, సున్నంతో మంచు పెట్టింది. పైకి కిందికి సండిగల పిండి, అదే వడియాల పిండి, మోసేది నేనే కాబట్టి ఆ పనంతా నా కళ్ళముందే జరిగింది. కుండ మూతిని ఏం చేస్తుందా అని చూశాను. ఆ వైపు దక్షిణధ్రువం పెట్టింది. "అక్కడ మంచు తప్ప మనుషులు లేరు రత్నా, బొక్క ఉన్నా ఎవరూ గొడవ పడరు" అంది. ఇందులో నీళ్ళు పోసుకోవచ్చునా అని అడిగాను. నాకు అప్పటికే వస్తువు ఊరికే ఉంటే ఓర్వలేని గుణం. "లోకంలో నీళ్ళు పోస్తే రంగు పోతుందే" అని ఆమె పెద్దగా నవ్వింది. ఆమె నవ్వడం నేను విన్నది చాలా తక్కువ, అందుకే గుర్తుంది.

మా పెదనాయన సాయంత్రాలు జగిలి మీద, వీధరుగున, కూర్చుని పేపరు పైకి చదివేవాడు. వీధిలో పేపరు కొనేది ఒక్కరు, వినేది పదిమంది. జపాను మీద వేసిన బాంబు గురించి, ఇక ఆ బాంబు ఎవరి దగ్గర ఉండాలి, ఎవరి దగ్గర ఉండకూడదు అని పెద్ద దేశాలు కూర్చుని మాట్లాడుకోవడం గురించి చదివి, పేపరు మడిచి, "వాళ్ళ జగడం మనకేలప్పా, ఏడు సముద్రాల అవతల ఉండారు. ఆ అమెరికా ఆ కొసన, రష్యా ఈ కొసన. వాళ్ళకు వాళ్ళే దూరం" అన్నాడు. మిద్దెమెట్ల మీదనుంచి టీచరమ్మ గొంతు వచ్చింది.

"ఏ దారిన దూరమండీ?"

ఆడమనిషి, అందులోనూ అద్దెకున్న మనిషి, మగవాళ్ళ మాటకు అడ్డం రావడం మా వీధిలో లేదు. పెదనాయన వెనక్కి తిరగకుండానే, "టీచరమ్మకు బడి ఇంకా వదల్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. చేటలో మినప్పప్పు ముందు పెట్టుకుని చేతులు కదపకుండా కూర్చుని ఉంది.

"మా ఆయన రంగూన్ రేవులో గుమాస్తా" అంది, నేను అడక్కుండానే. "జపానువాళ్ళు వస్తారని పుకారు పుట్టగానే మన ఊరు పోదామన్నాడు. నేను పటం తీసి చూపించాను. ఇదిగో సముద్రం, ఇదిగో కొండలు, ఇదిగో మనిషి దూరలేని అడివి. జానతో కొలిచి, ఇంత దూరం వాళ్ళెట్లా వస్తారండీ అని నవ్వాను. భూగోళం చెప్పే దాన్ని కదా, నా మాట నమ్మాడు. బాంబులు ఆకాశంలోంచి పడ్డాయి. ఆకాశంలో అడివి ఎక్కడుంది? ఆ పొద్దున కూడా రేవుకు పోతూ, నీ పటం ఉందిలే అన్నాడు." మళ్ళీ పప్పు ఏరడం మొదలుపెట్టింది. ఆ తరువాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. పటంలో దూరం చెప్పే పిల్లలను మాత్రం "ఏ దారిన?" అని అడగడం మానలేదు. ఓడదారినా, నడకదారినా, పిట్టదారినా చెప్పకుండా ఉత్త దూరం చెబితే బెంచీ ఎక్కించేది.

ఇక్కడ మా వీధి కొట్లాట సంగతి చెప్పాలి. మా వెనక వీధి పూలవీధి, పూలు అమ్ముకునేవాళ్ళది. రెండు వీధులూ మొగదల కొళాయి దగ్గర విడిపోయి పక్కపక్కనే సాగి ఆగిపోతాయి. నేతవీధిలో పొద్దున్నే పడుగు నూలు వీధి పొడవునా సాచి గంజి పెడతారు. అంతసేపు అది వీధి కాదు, మగ్గంలో ఒక భాగం. ఏటా పూలవీధి అమ్మవారి పల్లకీ మా వీధిలో మారెమ్మ గుడి దాకా వచ్చి తిరిగి పోవాలి. ఎప్పుడూ పడుగు ఎత్తాక వచ్చే పల్లకీ ఆ ఏడు ముందే వచ్చింది. ఆగమని మావాళ్ళు, అమ్మవారిని ఆపకూడదని వాళ్ళు. ఎవరి కాలో పడి పడుగు తెగింది. గంజి తడి మీద పడుగు తెగితే ఆ ఇంట్లో పొయ్యి ఆరినట్టే. కర్రలు లేచాయి, గోలీసోడా బుడ్లు లేచాయి. పూలవీధిలో ఒకతనికి కన్ను పోయింది. మా పెదనాయన ఎడమచెయ్యి మళ్ళీ మగ్గం మీద పోగు నడిపే నాడె పట్టలేదు.

తరువాత రెండువైపుల పెద్దలూ కొళాయి దగ్గర కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. మావైపు పెదనాయన, అటువైపు చిక్కణ్ణ అనే పూలవర్తకుడు. కొళాయి నుంచి ఇటు మా వీధిలో మారెమ్మ గుడి దాకా, అటు వాళ్ళ వీధిలో బండ్లు నిలిపే మిట్ట దాకా ఏ ఇంట్లోనూ కర్రగానీ సోడాబుడ్డిగానీ ఉండరాదు. తాడు పట్టి కొలిచారు, ముగ్గుపిండితో ఎల్ల గీశారు. ఉన్నవన్నీ ఎల్లకు అవతల, వీలైనంత దూరం పంపేయాలి. మా వీధిలో అన్నిటికన్నా దూరం మా ఇల్లే. బుడ్లన్నీ మా ఇంటికే వచ్చాయి. కింద మగ్గాలు, చోటు లేదు. మిద్దె మీద పేర్చి గోనెపట్టలు కప్పారు. ఒప్పందం తూచా తప్పకుండా నిలబెట్టామని పెదనాయన నలుగురికీ చెప్పుకునేవాడు. అది నిజమే.

ఆ మిద్దె మీద నాకు ఒక స్నేహితురాలు ఉండేది. మునెమ్మ, చిక్కణ్ణ చిన్నాయన మనవరాలు. వాళ్ళ ఇల్లు పూలవీధి కడాన, మా ఇల్లు నేతవీధి కడాన, రెండింటి వెనకగోడలూ ఒకటే. నడిచి పోవాలంటే మా వీధంతా దాటి, కొళాయి దగ్గర తిరిగి, వాళ్ళ వీధంతా దాటాలి. కొట్లాట తరువాత ఆ దారిన ఆడపిల్లలను పంపేవాళ్ళు కాదు. మిద్దె మీద వెనకవైపు మోకాలెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. కొబ్బరిచిప్పతో గోడ మీద టకటకమని కొడితే ఇటునుంచి నేను, అటునుంచి ఆమె. మా ఇంట్లో తెగిన నూలుపోగులు పారేయకుండా నేను ఉండచుట్టి ఇచ్చేదాన్ని, ఆమె వాటితో పూలు కట్టేది. బదులుకు కట్టగా మిగిలిన కనకాంబరాలు. కొట్లాట జరిగిన వారంలో కూడా పూలవీధి దండలు నేతవీధి నూలు మీదే నిలిచాయి. వాళ్ళ మిద్దె మీదా గోనెపట్టలు ఉండేవి. మాకు అవి సండిగలు ఆరబెట్టే చోటును తినేసిన పట్టలు, అంతే. టీచరమ్మకు అంతే కాదు. ఆ మిద్దె మీద కాపురం ఉన్నది ఆమె ఒక్కతే.

ఏడు తిరిగి మళ్ళీ పల్లకీ రోజులు వచ్చాయి. ముగ్గుపిండి ఎల్ల చెరిగిపోయిందని పెద్దలు తాడు తీసుకుని మళ్ళీ కొళాయి దగ్గర చేరారు. నేను బిందెతో వరుసలో ఉన్నాను. టీచరమ్మ నడుం మీద కుండ పెట్టుకుని వచ్చింది. కొళాయి దగ్గరికి ఆడది రావాలంటే చేతిలో కుండ ఉండాలి, అది ఆమెకు తెలుసు.

"నీళ్ళు తరవాత పట్టుకుందువు టీచరమ్మా, మాట్లాడతా ఉండాము" అన్నాడు పెదనాయన.

"నీళ్ళకు రాలేదండీ."

"మళ్ళా కుండెందుకమ్మా, మా తలకాయల మీద పగలగొట్టేకా?" అన్నాడు చిక్కణ్ణ. "సోడాబుడ్లు వద్దనుకొన్నాము గానీ కుండల మాట అనుకోలేదే!"

రెండు వీధులూ కలిసి నవ్వడం ఆ ఏడంతా అదే మొదలు. ఆమె కూడా నవ్వి, కొళాయి కట్ట మీద కుండ బోర్లించింది. "పటంలో చూస్తే అమెరికా ఒక కొసన, రష్యా ఇంకో కొసన. పెదనాయనగారు చదివారు కదా. ఇప్పుడు కుండ అడుగున చూడండి. ఇద్దరూ ఎదురుబొదురు. మధ్యలో కాస్త మంచు. ఓడకు అది దారి కాదు, విమానానికి పెరటిదారి. బాంబులకు ఎల్లలు గీసే దొరలు కూడా పటం పరుచుకునే కూర్చుంటారు. ఎంత దూరం అన్నది రాస్తారు, ఏ దారిన అన్నది మరిచిపోతారు."

"దొరల సంగతి మనకేలమ్మా?"

"మన సంగతే చెబుతున్నా. మీ సోడాలు ఎక్కడున్నాయండీ?"

పెదనాయన ఛాతీ విరుచుకున్నాడు. "మా ఇంట్లో. వీధి కడాన. అంతకన్నా దూరం మా వీధిలో లేదు."

"మీవి, చిక్కణ్ణగారూ?"

"మావీ కడానే. మా చిన్నాయన ఇంట్లో."

"ఇంట్లో ఎక్కడ?"

"మిద్దె మీద" అన్నాడు చిక్కణ్ణ. "మిద్దె మీదే" అన్నాడు పెదనాయన. మాట నోట్లోంచి వచ్చాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చిక్కణ్ణ మెల్లగా, "మిద్దె మీద ఆడోళ్ళు సండిగలు పెట్టుకొంటారు. అది ఎల్లలోకి ఎట్లొస్తాది?" అన్నాడు. పెదనాయన తలూపాడు. ఇద్దరూ ఏకమైన మొదటి మాట అదే.

మగవాళ్ళందరూ మా మిద్దె ఎక్కారు. వాళ్ళలో చాలామందికి ఆ మెట్లు ఎన్ని మలుపులో కూడా తెలియదు. చెప్పులు చేతబట్టుకుని, ఆరబెట్టిన సండిగలు తొక్కకుండా కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ పిట్టగోడ దాకా వెళ్ళారు. అటువైపు చిక్కణ్ణ చిన్నాయన వచ్చి నిలబడ్డాడు. ఇటు గోనెపట్ట ఎత్తారు, అటు గోనెపట్ట ఎత్తారు. రెండు వీధులు తమ బుడ్లన్నీ ఎంత దూరం పంపగలవో అంత దూరం పంపాయి, అవన్నీ వచ్చి ఒకే గోడకు ఇటూ అటూ చేరాయి. విసరాల్సిన పనే లేదు, చేయిచాచి అందిస్తే సరిపోయేది. మా పెదనాయన ముఖం మీద చెమట నాకింకా గుర్తుంది. మోసం చేసిన మనిషికి అట్లాంటి భయం రాదు. మాట నిలబెట్టుకున్న మనిషికి వచ్చిన భయం అది.

ఆ రోజే బుడ్లన్నీ కిందికి దించారు. కొట్లాట దాంతో తీరింది. టీచరమ్మ గెలిచిందని నేను ఎగిరి గంతేశాను. రెండురోజులకు ఇటుకలు వచ్చాయి. ఆ వెనక పిట్టగోడ మీద తలకన్నా ఎత్తు గోడ లేపుతారట. పగలగొట్టిన సోడాబుడ్ల గాజుపెంకులే ఆ గోడ నెత్తిన గుచ్చుతారట, పారేయడం ఎందుకని. ఖర్చు రెండు వీధులవాళ్ళూ సగం సగం. అంత ఐకమత్యం మా వాళ్ళలో ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు.

టీచరమ్మ పెదనాయన ముందు నిలబడింది. "గోడ వద్దండీ. ఒకరి మిద్దె ఒకరికి కనబడాలి. కనబడినంతకాలమే ఒప్పందం నిలుస్తుంది. గోడ లేచాక అవతల ఏముందో మీకెట్లా తెలుస్తుంది?"

"దగ్గరుండాదని నువ్వే కదమ్మా చెప్పినావు" అన్నాడు పెదనాయన, కోపం లేకుండానే. "దగ్గరుంటే అపాయం. అందుకే దూరం చేస్తా ఉండాము."

టీచరమ్మ కుండ తిప్పి చూపించగలిగింది కానీ, చూసినవాళ్ళు ఏమనుకోవాలో తిప్పలేకపోయింది. ఎంత దగ్గరగా ఉన్నామో చెబితే మనుషులు చేయి చాస్తారనుకుంది. వాళ్ళు ఇటుకలు పేర్చారు.

పల్లకీ ఆ ఏడు పడుగు ఎత్తాకే వచ్చింది, నెమ్మదిగా పోయింది. మరుసటి ఏడు రాకముందే గోడ అవతల బుడ్లు మళ్ళీ చేరాయని మా వీధిలో పుకారు. ఇటే చేరాయని అటు పుకారు. చూసి అవునో కాదో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మిద్దె మీద కాపురమున్న మనిషి రెండువైపులా చూస్తుందని, ఎటు మాట ఎటు చేరుస్తుందో అని ఎవరో అన్నారు. నూలు పెట్టుకోవడానికి గది కావాలని పెదనాయన టీచరమ్మకు కబురు చేశాడు. నూలు అంతకుముందు ఎప్పుడూ పైకి ఎక్కలేదు.

జట్కాబండిలో ట్రంకు పెట్టె, చాప ఎక్కించారు. ఏ ఊరో ఆమె చెప్పలేదు, మావాళ్ళు అడగలేదు. కుండ నా చేతుల్లో పెట్టింది. "నీళ్ళు పోయకు" అంది. నేను ఏడుపు ఆపుకోవడానికి, "మీరు పోయేది చాలా దూరమా?" అని అడిగాను. ఆమె నన్ను బెంచీ ఎక్కించే ముందు చూసే చూపు చూసింది, అంతే. బండి కదిలింది. ఆ సాయంత్రం వీధిని చూస్తూ పిట్టగోడ దగ్గర ఎవరూ లేరు. అది గమనించింది నేనొక్కదాన్నేమో.

మా అమ్మ కుండలో చింతపండు పెట్టింది. నేను కాదనలేదు, ఊరికే ఉంచడం నాకూ ఇష్టం లేదు. లోకం అడుగంటా నల్లబడి, నేను కాపురానికి పోయిన కొన్నేళ్ళకు పగిలిందని విన్నాను. ఆ గోడ లేచాక కూడా మునెమ్మా నేనూ కొన్నాళ్ళు కొబ్బరిచిప్పతో కొట్టుకున్నాము. కొత్త ఇటుకలో చప్పుడు మందంగా వచ్చేది. నూలుఉండ గోడ దాటించాలని విసిరితే గాజుపెంకులకు చిక్కుకుని అక్కడే వాన తిని ఎండ తిని వేలాడింది. తరువాత ఆమెను హోసకోట వైపు ఇచ్చారని కొళాయి దగ్గర విన్నాను. అప్పటికి నేను కొన్ని రోజులుగా ఖాళీ గోడను కొడుతూ ఉన్నానన్నమాట.

పెద్ద చదువు లేదు నాకు. మిగిలింది ఆమె ప్రశ్న ఒక్కటే. నా కొడుకులు ఇల్లు పంచుకుని మధ్యలో గోడ కడతామన్నప్పుడు, అందులో కిటికీ పెడితేనే నేను సంతకం చేస్తానన్నాను. ముసలిదానికి మొండితనం అన్నారు, అయినా పెట్టారు. ఇప్పుడు మనవడు ఫోనులో ఏవో దేశాల క్షిపణుల వార్త చూస్తూ, "మనకు చాలా దూరం లే అవ్వా" అంటే, "ఏ దారిన రా?" అని అడుగుతాను. అతను నవ్వుతాడు.

ఈ వంటింటి గోడ అవతల ఇంకో ఇల్లుంది. పొద్దున పది దాటాక అక్కడ ఎవరో రోట్లో దంచుతారు. మిక్సీ కాదు, రోకలి చప్పుడే. నాలాంటి వయసు మనిషే అయ్యుంటుంది. ఎవరని మనవణ్ణి అడిగితే, "అది బి బ్లాకు అవ్వా. లిఫ్టు దిగి, గేటు దాటి, చుట్టి పోవల్ల. శానా దూరం" అన్నాడు. ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళయినా ఆ మనిషి ముఖం నేను చూడలేదు.

కుండ వాసన ఇంకా ముక్కులో ఉండగానే దంచుడు మొదలైంది. లేచాను. కొబ్బరి గీరిన చిప్ప ఒకటి దాచిపెట్టి ఉన్నాను, పారేయలేక. దాన్ని తీసుకుని గోడ మీద టకటకమని కొట్టాను.

అవతల రోకలి ఆగింది. నేను చిప్ప చేతిలోనే పట్టుకుని, గోడకు చెవి ఆనించి నిలబడ్డాను.